జవాబులు పేజీలోనే ఉన్నయ్ బ్రదర్

జాషువా ములకలపల్లిలో బస్సు దిగేసరికి వాన దంచికొడుతోంది. అది 2007 ఆగస్టు, శనివారం మధ్యాహ్నం. అతని చేతిలో గొడుగు లేదు. చొక్కా లోపల ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కాగితం మాత్రం ఉంది. ఆ కాగితం మీద ఒక అమ్మాయి చేత సంతకం పెట్టించుకు రావడానికే సారపాక నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు.

ఎదురుగా పంక్చర్ షాపు రేకుల కింద ఒకమ్మాయి నిలబడి జడ పిండుకుంటోంది. భుజాన పుస్తకాల సంచి. జాషువా పరుగున వెళ్లి ఆ రేకుల కిందే తలదాచుకున్నాడు.

"ఇక్కడ తోమాసు గారి ఇల్లు ఎక్కడండీ?"

"ఏ తోమాసు? ఊర్ల ముగ్గురున్నరు."

"పేపర్ మిల్లుల పని చేస్తడు. ఆయన బిడ్డ పేరు స్తుతి."

అమ్మాయి జడ పిండడం ఆపింది. "ఆమెతోని ఏం పని?"

"మా యువజన సమాఖ్య తరఫున ఇంటర్నెట్‌ల బైబిల్ క్విజ్ పెట్టినం. ఆమె కాపీ కొట్టింది. తప్పు ఒప్పుకుంటున్నా అని రాసియ్యాలె. సంతకం కోసం వచ్చిన."

"అమ్మో! బైబిల్ క్విజ్‌లనే కాపీనా?" ఆ అమ్మాయి బుగ్గన చెయ్యేసుకుంది. "పక్కా తెలుసా మీకు?"

"ఇరవై అయిదు ప్రశ్నలు, మూడే మూడు నిమిషాలల్ల పెట్టిందండీ. మనిషైనోళ్లు చెయ్యగలరా?"

"మనిషైతే కష్టమే. చూడనీకి ఎట్లుంటది ఆమె? దొంగమొహమేనా?"

"నేను చూడలే. ఉండే ఉంటది."

"రాండి, చూపిస్త" అని ఆమె వానలోకి దిగింది.

రెండు సందులు తిరిగి, ఒక పెంకుటింటి ముందు చెప్పులు విప్పి, లోపలికి కేకేసింది. "అమ్మా! నన్ను పట్టుకోనీకి సారపాక నుంచి బ్రదర్ వచ్చిండు. మస్తు తడిసిండు, తువ్వాల ఇయ్యి."

జాషువా ఒక కాలు వరండాలో, ఇంకో కాలు వానలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

*

అప్పటికి జాషువాకి ఇరవై నాలుగేళ్లు. సారపాకలో మిల్లు గేటుకి కాస్త అవతల ఆరు కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడిపేవాడు. వెబ్‌సైట్లు చేయడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత పుస్తకాలు ముందేసుకుని, తప్పులు చేసుకుంటూ నేర్చుకున్నాడు.

యువజన సమాఖ్య కార్యదర్శి జయరాజ్ గారు లెక్కల మాస్టారు. "జిల్లా మొత్తానికి ఒక క్విజ్ పెడదాం, వారానికోసారి, నెట్‌ల. మొదలొచ్చినోళ్లకు కంప్యూటర్ ఇప్పిస్త" అని ఆయన అనగానే జాషువా ఎగిరి గంతేశాడు.

అసలు చిక్కు ఫోన్ లైను మీద నడిచే డయలప్ నెట్‌తో వచ్చింది. దమ్మపేట నుంచి, ములకలపల్లి నుంచి రాసేవాళ్లకు ఒక్కో ప్రశ్న నొక్కినప్పుడల్లా పేజీ సర్వర్ దాకా వెళ్లి రావాలి. వాన పడితే లైను సగంలోనే తెగిపోయేది. నాలుగు రోజులు తల పట్టుకుని, చివరికి జాషువా ఒక ఉపాయం కనిపెట్టాడు. సర్వర్లో ఉన్న ప్రశ్నలూ జవాబులూ అన్నీ పేజీ తయారయ్యేటప్పుడే అందులో పొదిగి, ఒక్కసారే పంపేశాడు. ఇక లైను తెగినా ఫర్వాలేదు. బ్రౌజర్లో ఉన్న స్క్రిప్టే ప్రశ్న అడుగుతుంది, అదే మార్కు వేస్తుంది. చివర్లో 'పంపండి' నొక్కేటప్పుడు లైను ఒక్క నిమిషం ఉంటే చాలు. మొదటి వారమే నూట పది మంది రాశారు. జాషువా తన భుజం తనే తట్టుకున్నాడు.

నాలుగు వారాలయ్యాక జయరాజ్ గారు జాబితా చూసి కళ్లజోడు సవరించుకున్నారు. "ఎవర్రా ఈ స్తుతి? మూడు నిమిషాలేంది? ముప్పై ఏండ్లు సండే స్కూల్ చెప్పిన నాతోనే కాదు."

జాషువా తన పేజీని తెరిచి, దాని వెనక ఉన్న రాతను చూపించే 'వ్యూ సోర్స్' నొక్కి చూశాడు. తెర మీద కనపడని జవాబులన్నీ అక్కడ వరుసగా, చక్కగా కూర్చుని ఉన్నాయి. ఆ మీట తెలిసిన ఎవరికైనా కనిపిస్తాయి. అక్కడ పెట్టింది తనే.

ఆ మాట జయరాజ్ గారికి చెప్పలేదు. "ఆమె కాపీ కొట్టినట్టుంది సార్" అని మాత్రం అన్నాడు. సాయంత్రానికల్లా సైట్లో ఆమె పేరు పక్కన 'రద్దు' అని పడింది. తప్పు ఒప్పుకున్నట్టు ఆమె చేత సంతకం పెట్టించుకు రమ్మని మాస్టారు కాగితం ఇచ్చారు.

*

తువ్వాలతో తల తుడుచుకుంటూ జాషువా వరండాలో పీట మీద కూర్చున్నాడు. స్తుతి తల్లి ఆరోగ్యమ్మ గడపకు ఆనుకుని మోదుగాకులతో విస్తర్లు కుడుతోంది.

"అడుగుండ్రి బ్రదర్, ఏం అడుగుతరో. ఇక్కడ కంప్యూటర్ లేదు, కాపీ కొట్టనీకి" అంది స్తుతి.

జాషువా గొంతు సవరించుకున్నాడు. "ఎడమచేతి వాటం న్యాయాధిపతి?"

"ఏహూదు."

"మెతూషెల ఎన్నేండ్లు బతికిండు?"

"తొమ్మిదొందల అరవై తొమ్మిది. ఇవి చిన్నపిల్లలకు అడిగేటియి."

జాషువాకి ఉక్రోషం వచ్చింది. "నోవహు ఓడల నుంచి మొదట బయటికి పంపిన పక్షి?"

స్తుతి నోరు తెరిచేలోపే ఆరోగ్యమ్మ తలెత్తకుండా, "కాకి" అంది.

జాషువా పెద్దమనిషిలా నవ్వాడు. "తప్పమ్మా. పావురం."

ఆరోగ్యమ్మ చేతిలో పుల్ల ఆగింది. "నువ్వు చిన్నప్పుడు సండే స్కూల్‌కి సరిగ పోలేదా బిడ్డా?"

స్తుతి లోపలికి వెళ్లి అట్ట చిరిగిన బైబిల్ తెచ్చి, పేజీ తీసి, వేలు పెట్టి చూపించింది. జాషువా ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. కాకే. పావురం ఆ తర్వాత.

"మా అమ్మకు అక్షరం ముక్క రాదు. నేను రెండో తరగతి నుంచి రోజు పొద్దుగూకినంక రెండు అధ్యాయాలు చదివి వినిపిస్త. నాకంటే ముందే ఆమెకు నోటికొచ్చినయ్" అంది స్తుతి. ఆ తర్వాత చెయ్యి చాపింది. "మీ కాగితంల నా మార్కులున్నయి కదా? చదవుండ్రి."

"ఇరవై అయిదు. ఇరవై నాలుగు. ఇరవై అయిదు. ఇరవై అయిదు."

"రెండో వారం ఒక మార్కు ఎట్ల పోయింది బ్రదర్?"

జాషువా కాగితాన్ని మళ్లీ కవర్లో పెట్టేశాడు. రెండో వారం పదిహేడో ప్రశ్న. జవాబు పావురం అని టైపు చేసింది తన చేతులే.

"కాపీ కొట్టేదాన్నైతే పావురమే పెడుదును కదా? పాల్వంచల కాలేజీ అయినంక నెట్ సెంటర్ల కూసుంటే ఇంటికి బస్సు అర్ధగంటల ఉంటది. అందుకే జల్దీ జల్దీ పెట్టిన. మొదటివారం రాసినంక, మార్కు గంత తొందరగ ఎట్ల వస్తుందో అర్థం కాక వెనక తెరిచి చూసిన. జవాబులు పేజీలోనే ఉన్నయ్ బ్రదర్. మీకు మెయిల్ పెట్టిన. ఒకసారి కాదు, మూడుసార్లు."

"నాకేం రాలే!"

"పేజీ అడుగున ఉన్న అడ్రసుకే పంపిన. అది ఎవరిది మరి?"

అది జాషువాదే. సైటు మొదలుపెట్టిన రోజు తయారు చేసి, మళ్లీ ఎన్నడూ తెరవలేదు.

ఆరోగ్యమ్మ లేచి చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. "వానల ఎక్కడ పోతవ్? లేత వెదురు కొమ్ముల కూర చేసిన. తినిపో." దొంగ అని ఒప్పించి సంతకం తీసుకోవడానికి వచ్చిన ఇంట్లో జాషువా తలొంచుకుని రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. కాగితం కవర్లోంచి మళ్లీ బయటికి తీయలేదు.

*

మర్నాడు చర్చి నుంచి వస్తూనే ఆ మెయిల్ తెరిచాడు. రెండు వందలకు పైగా ప్రకటనల మధ్య మూడు ఉత్తరాలు దొరికాయి. అప్పట్లో అందరూ రాసినట్టే, ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు.

మొదటిది: "వెబ్‌మాస్టర్ గారికి వందనాలు. పేజీ చాలా బాగుంది. కానీ జవాబులు పేజీలోనే ఉన్నయ్ బ్రదర్. ప్రశ్నలు మాకు పంపి, జవాబులు సర్వర్లోనే ఉంచండి."

రెండోది: "నోవహు మొదట పంపింది కాకిని. ఆదికాండము ఎనిమిది, ఏడు. మార్కు నాకు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, కాకికి ఇవ్వండి."

జాషువాకి నవ్వొచ్చింది. మూడోది చదువుతుంటే ఆ నవ్వు పోయింది.

"నా పేరు పక్కన రద్దు అని చూసిన. మా నాయినకు మిల్లుల ఎవరో చెప్పిన్రట. రెండు రోజుల నుంచి అన్నం సరిగ తినలే. జవాబులు కనిపిస్తున్నయన్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే అందరూ చూసి రాస్తరు, మీ క్విజ్ ఖరాబైతది. ముందు అది సరిచెయ్యండి. నా సంగతి తర్వాత."

జాషువా లేచి నేరుగా జయరాజ్ గారింటికి వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

మాస్టారు అంతా విన్నారు. "ఆ పిల్ల కాపీ కొట్టిందని నాతోని అన్ననాడు, జవాబులు బయటికి కనపడుతున్నయని నీకు ఎరుకేనా?"

"ఎరుకే సార్."

"అంటే నీ తప్పు కప్పుకోనీకి ఆడపిల్ల పేరు అడ్డం పెట్టినవ్."

జాషువా అవునన్నట్టు తలూపాడు.

"పో. ఎక్కడ రాసినవో అక్కడనే రాయి, నీ పేరు పెట్టి."

ఆ సాయంత్రం సైటు తెరిచిన వాళ్లందరికీ మొదట కనిపించింది ఇదే: "జవాబులు పేజీలో కనపడేలా పెట్టింది నేను. స్తుతి ఏ తప్పూ చేయలేదు. నా పొరపాటు నాకు మొదట చెప్పింది ఆమే. తెలిసీ దాచాను. క్షమించమని అడుగుతున్నాను. జాషువా, సారపాక."

మరుసటి రోజు ఆ పేజీ ప్రింటు తీసుకుని మిల్లు దగ్గర టీ కొట్టులో తోమాసును కలిశాడు. వెదురు యార్డులో పని దిగి వచ్చిన మనిషి, చొక్కా మీద ఇంకా వెదురు పొట్టు ఉంది. కాగితాన్ని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. కొట్టువాడి వైపు తిరిగి, "ఇంకో చాయ్ ఇయ్యి, ఈ పిలగానికి" అన్నాడు.

*

జయరాజ్ గారు నాలుగు వారాల మార్కులూ కొట్టేశారు. "ఆఖరి పోటీ నోటితోనే. సారపాక చర్చిల. ఎవరైనా రావచ్చు" అని ప్రకటించారు.

సెప్టెంబర్లో ఒక ఆదివారం నలభై మంది వరుసగా కూర్చున్నారు. స్తుతి వచ్చింది. ఆమె పక్కన, ఇస్త్రీ చీర కట్టుకుని ఆరోగ్యమ్మ.

"మీరు కూడానా అమ్మా?" అన్నాడు జాషువా.

"నోటితోని అంటిరి గద. సదువు రానోళ్లు రావద్దని చెప్పలే గద."

సాయంత్రం నాలుగయ్యేసరికి మిగిలింది ఇద్దరే, తల్లీ బిడ్డా. జయరాజ్ గారి దగ్గర ప్రశ్నలు అయిపోవచ్చాయి. చర్చి నిండా నవ్వులు. చివరికి అహష్వేరోషు రాజు ఎన్ని సంస్థానాలు ఏలాడని అడిగితే స్తుతి ఒక్క క్షణం తడబడింది. ఆరోగ్యమ్మ ఆగలేదు. "నూట ఇరవై ఏడు."

చప్పట్లు కొడుతూ ముందు లేచింది స్తుతే. అలా అక్షరం రాని ఆరోగ్యమ్మ జిల్లా పోటీలో కంప్యూటర్ గెలిచింది.

"కావాలనే ఓడినవ్ కదూ?" బయట చెప్పులేసుకుంటుంటే జాషువా మెల్లగా అడిగాడు. ఎప్పుడు 'నువ్వు'లోకి దిగాడో అతనికే తెలియలేదు.

"మా అమ్మతోని ఓడిపోవుడు నాకు అలవాటే బ్రదర్" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు బాగుంది. ఆ 'బ్రదర్' మాత్రం గొంతులో ముల్లులా దిగింది.

*

కంప్యూటర్ బిగించడానికి జాషువా ములకలపల్లి వెళ్లాడు. రెండు వారాలకు కీబోర్డు పని చేయడం లేదని కబురొచ్చింది, మళ్లీ వెళ్లాడు. ఇంకో రెండు వారాలకు మౌసు. "ఈ డబ్బాకి ఇన్ని రోగాలేందయ్యా?" అని ఆరోగ్యమ్మ ఆశ్చర్యపోయేది. ప్రతిసారీ వెనక వైరు ఊడి ఉండేది. జాషువా దాన్ని గుచ్చి, ఒక గంటసేపు ఏదో పెద్ద రిపేరు చేస్తున్నట్టు కూర్చుని, కూర తిని వచ్చేవాడు.

మధ్యలో మెయిళ్లు. సైటులో ఏ కొత్త పేజీ చేసినా ముందు ఆమెకే పంపేవాడు. ఆమె పాల్వంచలో తెరిచి చూసేది.

"జవాబులు తీసినవ్, మంచిగుంది. ఈసారి పోటీకి వచ్చినోళ్ల ఫోన్ నంబర్లన్నీ పేజీల పెట్టినవ్. పేర్లు చూపెట్టనీకి నంబర్లెందుకు? సర్వర్ల ఉన్నదంతా గంపకెత్తి పంపుడేనా? ఏది అవసరమో అదే పంపాలె."

ఆ మెయిల్‌ను జాషువా నాలుగుసార్లు చదివాడు. తిట్లు తిన్నా మొహం వెలిగిపోయింది. అందులో ఎక్కడా 'బ్రదర్' లేదు.

ఏడాది కావొచ్చింది. జూన్ వచ్చింది. అడవిలో తునికాకు కోతలు అయిపోయి తొలి వానలు పడుతున్నాయి. స్తుతి డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసయింది. హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్లు ఆరు నెలల శిక్షణకు రమ్మన్నారు. ఆ మాట మెయిల్లో ఒక్క వాక్యంగా వచ్చింది. "సోమవారం పోతున్న."

జాషువా జవాబు రాయడానికి కూర్చుని ఐదుసార్లు చెరిపాడు. ఆమె చూసే పేజీలోనే, తెర మీద కనపడకుండా, స్క్రిప్టు మధ్యలో ఒక మాట పెడితే అనుకున్నాడు. వెంటనే తనకే సిగ్గేసింది. దాచినట్టే ఉంటుంది, ఊరంతా చదువుతుంది. ఒకసారి ఆమె పేరును అలాగే ఊరందరి ముందు పడేశాడు. ఈ మాట ఆమెకొక్కదానికే చెప్పాలి, ఎదురుగా.

ఆదివారం పొద్దున బస్సెక్కాడు.

"కంప్యూటర్ మంచిగనే ఉందే!" అంది స్తుతి అతన్ని చూసి.

"అవ్. వైరు ఎవరూ ఊడదియ్యలే గద ఈసారి."

స్తుతి చెవులు ఎర్రబడ్డాయి. "ఎలుకలు ఊడదీస్తుండెనేమో."

"ఊడదీసి, మళ్లా మంచిగ చుట్టచుట్టి పెట్టే ఎలుకలా?"

ఇద్దరూ నవ్వేశారు. నవ్వు ఆగాక జాషువా వాన తగలకుండా వరండాలోకి జరిగాడు.

"స్తుతీ, నువ్వు పోవాలె. పోవద్దని చెప్పనీకి రాలే" అన్నాడు జాషువా. "పోయేముందు ఒక మాట నీకు ఎరుకుండాలె. నాకు నువ్వంటే ఇష్టం. రాసి పంపుదామంటే చేతగాలే. ఇప్పుడే ఏం చెప్పకు."

స్తుతి తలుపు రెక్క పట్టుకుని నేల చూసింది. "ఏడాది పట్టిందా, గింత మాటకు? నీకన్న డయలప్ నయం."

వెనక దగ్గు వినపడింది. తోమాసు. ఎప్పటినుంచి ఉన్నాడో ఏమో, గొడుగు మూసి గోడకు ఆనించి వచ్చి పీట మీద కూర్చున్నాడు. జాషువా నిటారుగా నిలబడ్డాడు.

"నా బిడ్డల ఏం నచ్చింది నీకు?"

"నా తప్పు నాకు మూడుసార్లు చెప్పింది. నేను ఆమె పేరు నలుగుర్ల పెట్టినా, ఆమె నా తప్పు ఒక్కరికి చెప్పలే. గట్లాంటి మనిషి పక్కన ఉంటే, నేను కూడా మంచిగైతనని."

తోమాసు కూతురి వైపు తిరిగాడు. "నీకేం నచ్చింది?"

"తప్పు చేసిండు నాయినా. చేసినంక తన పేరు పెట్టి రాసుకున్నడు" అంది స్తుతి.

తోమాసు మళ్లీ జాషువా వైపు తిరిగాడు. "పిల్ల ముందు హైదరాబాద్ పోవాలె. నేర్చుకోవాలె. కొలువు చెయ్యాలె. అప్పటిదాంక ఆగుతవా?"

"ఆగుత."

"ఆమె వచ్చి సరేనంటే, పాస్టర్ గారితోని నేనే మాట్లాడుత."

"నేను ఇప్పుడే అంటి గద నాయినా!" అనేసి స్తుతి నాలుక కరుచుకుని లోపలికి పారిపోయింది.

ఆరోగ్యమ్మ నవ్వు ఆపుకుంటూ విస్తర్లు పట్టుకొచ్చింది. ఇన్నాళ్లూ జాషువాకి వరండాలోనే వడ్డించేది. ఆ రోజు అతని విస్తరి తోమాసు పక్కన, లోపల పరిచింది. జాషువా మొహమాటంగా వెళ్లి చివరగా కూర్చున్నాడు.

పైన పెంకుల సందులోంచి ఒక చుక్క అతని భుజం మీద పడింది. ఇంకో చుక్క.

తోమాసు తన విస్తరిని పక్కకు లాక్కుని చోటు చేశాడు. "ఇటు జరుగు బిడ్డా. అక్కడ కురుస్తది."